తొమ్మిదో పేరు

రిజిస్టరు రాయడంలో నాకు మంచి పేరుంది. కావాలంటే ఆ పేరు ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తాను, వచ్చి పట్టుకుపొమ్మనండి.

నేను లెక్కల మాస్టారిని. ఆరు గదుల హైస్కూలు మాది. చివరి గది తలుపు వానలకి ఉబ్బిపోయి ఎంత లాగినా మూతపడదు. పదో తరగతి వాళ్ళు కాస్త పెద్దవాళ్ళు కదా, తలుపుకి బల్ల అడ్డం పెట్టుకుంటారులే అని వాళ్ళని ఆ గదిలో వేశాం. ఆ ఏడాది వాళ్ళు తొమ్మిది మంది, నేను వాళ్ళ క్లాసు టీచరుని. పదో తరగతిలో తొమ్మిదికి ఒక్కరు తగ్గినా పై ఆఫీసు వాళ్ళు తరగతిని ఎత్తేసి, పిల్లల్ని రెండు బస్సులు మారి వెళ్ళే పెద్ద స్కూల్లో కలిపేస్తారు. అంత దూరం పంపితే మా వాళ్ళలో సగం మంది చదువు మానేస్తారని మాకు తెలుసు. ముందటి ఏడాది పది మంది ఉంటే ఊపిరి పీల్చుకున్నాం. ఈసారి సరిగ్గా గీత మీద నిలబడ్డాం.

హాజరు పట్టీలో తొమ్మిదో పేరు చీమది. అసలు పేరు ఆ పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఆరో తరగతిలో చేరినప్పుడు తనకంటే పెద్ద సంచీ మోసుకుంటూ వచ్చిందని తోటి పిల్లలు పెట్టిన పేరది. లెక్కల్లో మెరిక అని చెప్పను గానీ, మొండిది. లెక్క తప్పు వస్తే చెరిపేది కాదు. పక్కనే మళ్ళీ మొదటినుంచీ వేసేది. ఆ నోటుబుక్కు దిద్దడానికి నా తల ప్రాణం తోకకొచ్చేది.

"ఏమే, రబ్బరు కొనుక్కోలేవా?" అని ఒకసారి కసిరాను.

"చెరిపేస్తే తప్పెక్కడ జరిగిందో ఎలా కనపడుతుంది మాస్టారూ?" అంది.

ఎదురు చెప్పే పిల్లలంటే నాకు ఒళ్ళు మంట. ఈ పిల్ల మీద మాత్రం ఎందుకో కోపం నిలిచేది కాదు.

పై ఆఫీసు వాళ్ళకి పాఠాల మీద కంటే కార్యక్రమాల మీద మోజెక్కువ. నెలకొకటి చొప్పున తరగతి చేత ఏదో ఒకటి చేయించాలి. దానికో పెద్ద రిజిస్టరు. కార్యక్రమానికో పేజీ. ఎవరేం చేశారో పేరు పేరునా రాసి, కింద ఫోటో అంటించాలి. ఆ ఫోటోలో తలలు లెక్కపెట్టే మహానుభావులు కూడా ఉన్నారు. ఏడాది చివర ఆ రిజిస్టరు చూసి ఒక్కొక్కరికీ ఇరవై మార్కులదాకా వేస్తారు, అవి పరీక్ష మార్కుల్లో కలుస్తాయి. అంచేత ఒక పాఠం ఎగ్గొట్టినా అడిగే నాథుడు లేడు గానీ, కార్యక్రమం ఎగ్గొడితే కొంపలంటుకుంటాయి.

నా అలవాటొకటి కూడా ఇక్కడే చెప్పాలి. నేను హాజరు పెన్సిలుతో వేస్తాను. వచ్చినవాళ్ళకి ఒక చుక్క. నెలాఖరున తీరిగ్గా కూర్చుని ఆ చుక్కల మీద సిరాతో గుర్తులు దిద్దుతాను. ఆలస్యంగా వచ్చేవాళ్ళు, మధ్యాహ్నం మాయమయ్యేవాళ్ళు ఉంటారు కదా, కొట్టివేతలు లేకుండా పేజీ శుభ్రంగా ఉంటుందని. పాతికేళ్ళ నుంచి ఇంతే. నన్ను చూసి మా స్కూల్లో అందరూ ఇదే నేర్చుకున్నారు.

మొదటి నెల మొక్కలు. వెనక గోడ పక్కన తలొకటి నాటి, పేరు రాసిన రేకు ముక్క గుచ్చారు. చీమది నిమ్మ మొక్క. అందరి గోతులూ మోకాలి లోతుంటే దానిది నడుము లోతుంది. "మొక్క నాటుతున్నావా, బావి తవ్వుతున్నావా?" అంటే నవ్వింది. ఫోటోలో మొహం నిండా మట్టి, పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి.

రెండో నెల గోడపత్రిక. రాయడం ఎనిమిది మంది పంచుకున్నారు, శుభ్రంగా ఎత్తి రాసే పని చీమ మీద పడేశారు. నాలుగు పెద్ద అట్టల్లో మూడు పూర్తిచేసింది. నాలుగోది సగంలో ఉండగా ఒక ఉదయం బడికి రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు మైకు వచ్చి నా బల్ల దగ్గర నిలబడింది. మైకు అంటే చీమ పక్కన కూర్చునే పిల్ల, రహస్యం చెప్పినా రెండు గదులు దాటి వినపడుతుంది. ఆ రోజు మాత్రం వంగి నా చెవి దగ్గర చెప్పింది.

"చీమ వాళ్ళమ్మకి కుడి పక్క పడిపోయింది మాస్టారూ."

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. కింద తాళాల కొట్టు, పైన ఒక గది. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పాదం కింద సగం కుట్టిన కాలరు అలాగే ఉంది. వాళ్ళమ్మ బట్టలు కుట్టేది, మా పిల్లల యూనిఫారాలు చాలావరకు ఆవిడ చేతివే. కాలరు తిప్పుతూ తిప్పుతూ పక్కకి ఒరిగిపోయిందట. తండ్రి లారీ డ్రైవరు, నెలకి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆ రెండు రోజులూ అప్పటికే అయిపోయాయి. ఆవిడ మంచం మీద పడుకుని నన్ను చూసి లేవబోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. చీమ తల్లి మెడ కింద చెయ్యి వేసి, దిండు సర్ది, నాకు కుర్చీ వేసి, మిషను మీది కాలరు తీసి మడత పెట్టింది, అన్నీ ఒక్క నిమిషంలో.

"రెండు వారాలు మాస్టారూ," అంది. "అమ్మ కాస్త లేచి కూర్చుంటే చాలు, వచ్చేస్తాను. నా పేరు తీసేయరు కదా?"

"నీ పేరెక్కడికి పోతుంది? అది నేను చూసుకుంటాను," అన్నాను.

అన్న మాట నిలబెట్టుకున్నాను. అంతకంటే నాశనం ఇంకోటి చేయలేను.

మా హెడ్మిస్ట్రెస్ గారు మంచి మనిషి, కాకపోతే ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది. ఇంకో నాలుగేళ్ళలో రిటైరు కావాలి, ఈలోగా స్కూలు మూతపడకుండా ఉంటే చాలు ఆవిడకి.

"ఆ పిల్ల వస్తుందంటారా మాస్టారూ?"

"వస్తుంది మేడమ్. రెండు వారాలంది."

"అయితే చుక్క పెట్టండి. సిరా నెలాఖరుకే కదా."

చుక్క పెట్టాను. చుక్కదేముంది, వేలితో రుద్దితే పోతుంది. రోజూ పొద్దున్నే ఎనిమిది మంది పేర్లు పిలిచి, తొమ్మిదోది పిలవకుండా చుక్క పెట్టేవాణ్ణి. పిల్లలు చూసేవాళ్ళు, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. నెలాఖరు వచ్చింది. చీమ రాలేదు. సిరా సీసా మూత తీసి కాసేపు కూర్చున్నాను. దిద్దకుండా వదిలేస్తే ఎనిమిది. ఎనిమిదైతే తరగతి లేదు. వచ్చే నెల వస్తుందిలే అనుకుని దిద్దేశాను. చీమ మీద జాలితో దిద్దానా, తరగతి పోతుందన్న భయంతో దిద్దానా అని ఇప్పుడు అడిగితే నిజంగా తెలియదు. రెండూ ఒకే చేతిలో ఉన్నాయి.

మూడో నెల క్విజ్. నలుగురేసి చొప్పున రెండు జట్లు, తొమ్మిదో పిల్లకి ఏదో ఒక పని చూపించాలి కదా. నేను పెన్ను పట్టుకుని ఆలోచిస్తుంటే మైకు వెనక నుంచి తొంగి చూసింది.

"రెండో బహుమతి రాయండి మాస్టారూ. అది ఉంటే మొదటిదే కొట్టేది. మనం మరీ అన్యాయం చేయకూడదు."

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను, రాసేశాను. ఫోటోకి తొమ్మిదో తల కావాలి. తొమ్మిదో తరగతిలో అచ్చం చీమంత ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్ల ఒకతె ఉంది. దాన్ని ఒక్క పూటకి అరువు తెచ్చి, మైకు మోచెయ్యి వెనక తల వంచి నిలబెట్టాం. అప్పట్నుంచి ప్రతి ఫోటోకీ ఆ పిల్లే. పాపం, అక్క పని అని సంతోషంగా వచ్చేది.

నాలుగో నెల నీళ్ళు శుద్ధి చేసే కేంద్రం చూడటానికి వెళ్ళాం. పిల్లలకి అదే ఏడాది మొత్తానికి పెద్ద పండగ. బస్సులో పాటలు పాడి పాడి గొంతులు పోగొట్టుకున్నారు. పెద్ద పెద్ద తొట్లు, వాటి మీద ఇనప వంతెన. అందరూ కడ్డీల మీద వంగి సుళ్ళు తిరిగే నీళ్ళలోకి తొంగి చూస్తున్నారు. నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వెనక నుంచి తీశాను. తొమ్మిది వీపులు, తొమ్మిది యూనిఫారాలు. మొహం దాచాల్సిన పనే లేదు. ఆ ఫోటో చూసుకుని రెండు రోజులు మురిసిపోయాను, చెప్పుకుంటే సిగ్గుచేటు.

మధ్యమధ్యలో చీమ వాళ్ళింటికి వెళ్ళి లెక్కలు చెప్పాలనుకున్నాను. రెండుసార్లు వెళ్ళాను కూడా. మొదటిసారి వాళ్ళమ్మకి మందులు పట్టే వేళ. రెండోసారి చీమ మిషను మీద ఉంది. ఒప్పుకున్న బట్టలు ఇవ్వాలి కాబట్టి తల్లి పని తను అందుకుంది. ఒక కాలు తొక్కుతూ, ఒక కన్ను లెక్క మీద వేసి, "ఊఁ, చెప్పండి మాస్టారూ, వింటున్నాను," అంది. సూది వేలి మీంచి పోబోయింది. పుస్తకం మూసేశాను. ఆ తరవాత పరీక్ష పేపర్లని, జలుబని, ఏదో ఒక వంక దొరుకుతూనే ఉంది నాకు.

ఆరో నెల నాటకం. రాజు, మంత్రి, ఇద్దరు దొంగలు, మిగతావాళ్ళు జనం. దుస్తులు ఎవరు కుట్టాలన్న ప్రశ్న వచ్చేసరికి ఎనిమిది మందీ ఒక్కసారే నా వైపు చూశారు. పాత తెరలు, దుప్పట్లు మోసుకుని గుంపుగా ఆ తాళాల కొట్టు పైన గదికి వెళ్ళాం. గది నిండిపోయి నేను మెట్ల మీద నిలబడాల్సి వచ్చింది. చీమ నోట్లో గుండుసూదులు పెట్టుకుని రాజుకి కొలతలు తీసుకుంటూ, "కడుపు లోపలికి పీల్చకురా, స్టేజీ మీద వదిలేస్తే చిరిగిపోతుంది," అంది. వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని ఉంది, కూర్చోగలుగుతోంది. ఎడం చేత్తో దారపు ఉండలు అందిస్తూ నవ్వుతోంది. నాలుగు నెలల తరవాత ఆ గదిలో అంత నవ్వు అదే మొదలట.

నాటకం రోజు ఒక్క గంట వస్తానంది. పక్కింటావిడ కూర్చుంటానని ఒప్పుకుంది కూడా. ఆ పొద్దున్నే తల్లికి జ్వరం తగిలింది. రాజు, మంత్రి, దొంగలు, జనం అందరూ చీమ కుట్టిన బట్టల్లో స్టేజీ ఎక్కారు, చీమ రాలేదు. ఆ నెల పేజీలో 'దుస్తులు' అని రాసి ఎదురుగా ఆమె పేరు రాస్తుంటే నాకు చెయ్యి తేలికైంది. అది అబద్ధం కాదు కదా.

బట్టలు తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు మెట్ల దాకా వచ్చి చెప్పింది.

"ఈ ఏడాది ఇంక కుదరదు మాస్టారూ. నాకు తెలిసిపోయింది. అమ్మ చెయ్యి కొంచెం కొంచెం కదులుతోంది. కసరత్తు మానకుండా చేయిస్తే వచ్చే ఏడాదికి లేచి తిరుగుతుందన్నాడు డాక్టరు. అప్పుడు వచ్చి మళ్ళీ పదిలోనే కూర్చుంటాను."

"నీకంటే చిన్నవాళ్ళతోనా?"

"సిగ్గేముంది? నేను ఎలాగూ వాళ్ళకంటే పొట్టిగానే ఉంటాను."

"సరే, రా. మొదటి బల్ల నీదే," అన్నాను.

ఆ మాటకి ఆ పిల్ల కళ్ళల్లో వచ్చిన వెలుగు నేను చూశాను. చూసి, హాయిగా మెట్లు దిగి, ఇంటికి పోయి భోజనం చేశాను. నెలాఖరున సిరాతో దిద్దాను. ఆ రెండు సంగతులకీ సంబంధం ఉందని లెక్కల మాస్టారికి తట్టలేదు.

పరీక్షలకి నెల ముందు పై ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చారు. హెడ్మిస్ట్రెస్ గారి గదిలో కూర్చుని కార్యక్రమాల రిజిస్టరు మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పారు. హాజరు పట్టీ చూశారు.

"ఏమండీ మాస్టారూ, ఈ తొమ్మిదో అమ్మాయి ఏడాదంతా ఒక్కరోజు కూడా మానలేదా?" అన్నారు. గోడపత్రిక రోజుల్లో మానిన రోజులు కూడా ఆ నెలాఖరుకే చుక్కలై, సిరా అయిపోయాయి మరి. "అన్నిట్లోనూ పాల్గొంది. బహుమతి కూడానా! పిలవండి, ఓసారి చూస్తాను."

"ఇవాళే జ్వరం వచ్చిందండీ," అంది మా మేడమ్. ఆవిడ మొహం చూస్తే ఆవిడకే జ్వరం వచ్చినట్టుంది.

ఆయన గట్టిగా నవ్వి సంతకం పెట్టారు. పక్కన 'ఏడాది పూర్తి' అని ముద్ర వేశారు. ఆ ముద్ర చూశాక నా నోరు ఊరుకోలేదు.

"ఒకవేళ ఏ పిల్లయినా ఈసారి పరీక్ష రాయలేకపోతే, వచ్చే ఏడాది మళ్ళీ తరగతిలో కూర్చోవచ్చు కదండీ?"

"మధ్యలో మానేసినవాళ్ళయితే కూర్చోవచ్చు. వాళ్ళకి సీటుంటుంది. ఏడాది పూర్తి చేసినవాళ్ళకి ఎలా ఇస్తాం? ఇంట్లో చదువుకుని పరీక్ష రాసుకోవాలి. ఎవరికైనా పదో తరగతి ఒక్కసారే కదా మాస్టారూ."

టీ తాగి, రిజిస్టరు వెంట పట్టుకుని వెళ్ళిపోయారు. నేను ఆరో గదికి వెళ్ళి బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. ఏం లెక్క చెబుతున్నానో మర్చిపోయాను. ఆ పిల్ల ఏడాది మొత్తం నేను వాడేశాను. తను రెండు నెలలు కూడా వాడుకోని ఏడాదిని చుక్క చుక్కగా నేనే ఖర్చుపెట్టేశాను.

మర్నాడు సెలవు పెట్టి పై ఆఫీసుకి వెళ్ళాను. మా స్కూళ్ళ కాగితాలు చూసే గుమాస్తా పెద్దావిడ, నాకు పదేళ్ళుగా తెలుసు. ఆవిడ ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ నవ్వి, బీరువాలోంచి మా రిజిస్టరు తీసింది.

"ఊరుకోండి మాస్టారూ, ఇదిగో క్విజ్ ఫోటో. ఈ పిల్ల కాదూ?"

"అది తొమ్మిదో తరగతి పిల్లండీ."

"మరి ఇందులో?"

"అందులో అందరివీ వీపులే."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించింది.

"మీరు చెప్పింది నేను వినలేదు. వినమంటే వింటాను. విన్నాక ఏమవుతుందో ముందు మీరు వినండి. ఒక్క పేరు దొంగదని తేలితే రిజిస్టరు మొత్తం రద్దు. మిగతా ఎనిమిది మందికీ ఇరవై మార్కులూ గోవిందా. అంతటితో ఆగదు. ఎనిమిది మందే ఉన్నప్పుడు మీ తరగతి మూడో నెల నుంచీ లేనట్టే. లేని తరగతిలో చదివిన పిల్లలు పరీక్ష ఎలా రాస్తారని అడుగుతారు. పరీక్ష ఇంకో నెల కూడా లేదు. మీ ఉద్యోగం, మీ మేడమ్ ఉద్యోగం సంగతి సరేసరి."

ఒక తెల్లకాగితం తీసి నా ముందుకి జరిపింది. పెన్ను మూత తీసి దాని మీద పెట్టింది.

"రాసిస్తారా? నేను ఆపను. నాకూ మనవరాలుంది."

కాగితం వంక చూస్తూ కూర్చున్నాను. ఏడాదంతా లేనివి చకచకా రాసినవాణ్ణి, ఉన్నది రాయడానికి ఒక్క అక్షరం రాలేదు. మైకు గుర్తొచ్చింది. నాటకంలో రాజు గుర్తొచ్చాడు, వాడికి లెక్కల్లో ఆ ఇరవై మార్కులు లేకపోతే గట్టెక్కే దారే లేదు. ఎనిమిది మొహాలు ఒకవైపు, మెట్ల మీద నిలబడ్డ ఆ పిల్ల ఒకవైపు. ఎటు తిప్పినా ఎవరో ఒకరి కొంప మునగాల్సిందే. పెన్ను మూత పెట్టి ఆవిడకి ఇచ్చేశాను. బస్టాపు దాకా ఎలా నడిచానో నాకు తెలియదు.

హాల్‌టికెట్లు వచ్చాయి. తొమ్మిది. పరీక్షల్నాళ్ళూ మా ఆవిణ్ణి వాళ్ళమ్మ దగ్గర కూర్చోబెడదామనుకుని, చీమ హాల్‌టికెట్టు వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. చీమ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నాకెందుకొచ్చింది మాస్టారూ?"

"పేరుంది కదా, వచ్చింది. రాస్తావా?"

"ఏం రాయను? పుస్తకం మొహం చూసి ఎన్నాళ్ళైందో. వచ్చే ఏడాది శుభ్రంగా చదివి రాస్తాను కదా. అమ్మ నిన్న గోడ పట్టుకుని కిటికీ దాకా నడిచింది, తెలుసా?"

చెప్పాల్సిన క్షణం అదే. మంచం మీంచి వాళ్ళమ్మ నా వైపు చూసి, కుడి చెయ్యి కష్టపడి ఎత్తి, నమస్కారం పెట్టబోయింది. "ఏడాదంతా దాని పేరు కాపాడారు," అంది ఆ ముద్ద మాటలతోనే. నా నోటికి తాళం పడింది. కింద కొట్టతను కూడా అలాంటి తాళం చేసి ఉండడు.

పరీక్షల మొదటి రోజు తొమ్మిదో బల్ల ఖాళీగా ఉంది. వేరే స్కూలు నుంచి వచ్చిన టీచరు ఆ పేరుకెదురుగా 'రాలేదు' అని రాసి నన్ను సంతకం చేయమన్నాడు. చేశాను. ఎనిమిది మందీ పాసయ్యారు. రాజు సరిగ్గా మూడు మార్కుల తేడాతో గట్టెక్కాడు. మైకు వచ్చి నా కాళ్ళకి దండం పెడితే, పక్కకి తప్పుకున్నాను.

స్కూలు తెరిచిన రోజు పొద్దున్నే చీమ వచ్చింది. గేటు దగ్గరే చూశాను. పాత యూనిఫారమే, మడతలు విప్పి పొడుగు చేసుకుంది. విప్పిన చోట గుడ్డ వెలిసిపోకుండా ముదురు రంగులో ఉంది. జడలు గట్టిగా వేసుకుంది. వాళ్ళమ్మ తోడు వచ్చింది, కర్ర పట్టుకుని, నడిచి. గేటు బయటే నిలబడి కూతురు లోపలికి వెళ్ళేదాకా చూసి, నెమ్మదిగా వెనక్కి తిరిగింది. చీమ తిన్నగా ఆరో గదికి వెళ్ళి, మొదటి బల్ల మీద కూర్చుని, పుస్తకాలు సర్దుకుంది.

నేను హెడ్మిస్ట్రెస్ గారి గదిలోకి పరిగెత్తాను.

"పేరు లేకపోతే పోయింది మేడమ్, కూర్చోనివ్వండి. ఊరికే వింటుంది. పరీక్ష బయట నుంచి రాసుకుంటుంది."

"ఈసారి పదిలో పదకొండు మందని రాసి పంపాం. ఎవరైనా వచ్చి పన్నెండు తలలు లెక్కపెడితే? పన్నెండో పిల్ల ఎవరని తీగ లాగితే పోయినేడాది డొంకంతా కదులుతుంది. ఆ ఎనిమిది మంది సర్టిఫికెట్లు..."

"పోయినేడాది లేని పిల్లని ఉందని చూపించాం కదా మేడమ్. ఈ ఏడాది ఉన్న పిల్లని లేదని చూపించలేమా?"

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"నాకు ధైర్యం లేదు మాస్టారూ," అంది. "మీకుందా?"

లేదు. ఉంటే ఆ తెల్లకాగితం మీదే రాసేవాణ్ణి.

చీమని స్టాఫు రూములోకి పిలిచి, కూర్చోమని చెప్పాను. నిలబడే విన్నది. నేను చెప్పింది మొత్తం విన్నది, చుక్కల సంగతి, సిరా సంగతి, ముద్ర సంగతి, ఆఫీసులో నా సంగతి. ఏడుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండుననిపించింది. బల్ల అంచు గోరుతో గోకింది.

"ఆ రిజిస్టరు ఒకసారి చూడొచ్చా మాస్టారూ?"

ఆఫీసు నుంచి తిరిగొచ్చి బీరువాలోనే ఉంది. తీసి ముందు పెట్టాను. అప్పుడు కూర్చుంది. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

"మొక్కలు. ఇది నేనే." మట్టి మొహం చూసి చిన్నగా నవ్వింది. గోడపత్రిక పేజీ తిప్పింది. క్విజ్ దగ్గర ఆగింది. "నాకు రెండో బహుమతా?"

"మైకు పట్టుబట్టింది."

"దానికి పిచ్చి," అంది. ఇంకో పేజీ తిప్పింది. ప్రతి పేజీలోనూ తొమ్మిదో వరసలో తన పేరు, ఎదురుగా నా గుండ్రటి చేతిరాత. దగ్గరికి వంగి కాగితాన్ని పరీక్షగా చూసింది.

"ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు మాస్టారూ."

పక్క గదిలో కొత్త పిల్లలు గోల చేస్తున్నారు, ఇంకా ఎవరూ హాజరు వేయలేదు. చీమ వేలు తొమ్మిది వీపుల ఫోటో మీద ఆగింది. ఒక్కొక్క వీపు మీదా వేలు పెట్టుకుంటూ వెళ్ళింది.

"ఇందులో నేనెవర్ని?"

చివర నిలబడ్డ పిల్లని చూపించాను.

"అక్కడ ఎలా ఉంది మాస్టారూ? చెప్పండి."

చెప్పాను. బస్సు గురించి, పాటల గురించి చెప్పాను. వంతెన మీద గాలి ఎంత జోరుగా వీచిందో, మందు కలిపిన నీళ్ళ వాసన ముక్కులో ఎలా ఘాటుగా తగిలిందో, ఆ హోరులో పక్కవాళ్ళతో మాట్లాడాలంటే ఎలా అరవాల్సి వచ్చిందో, మైకు గొంతు ఒక్కటే ఎలా వినపడిందో చెప్పాను. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పాఠం వింటున్నట్టు వింది. నేను ఆపాక మళ్ళీ ఫోటో మీదికి వంగింది.

"నేనూ నీళ్ళలోకి తొంగి చూశానా మాస్టారూ?"

"చూశావమ్మా," అన్నాను. ఇంకేం చెప్పను?